యజమాని లేని ఊరికి కట్టుబాట్లు: ఓపెన్ సోర్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌లలో ప్రవర్తనా నియమావళి

కంప్యూటరు ఆన్ చేయగానే ముందు లేచి, మిగతా ప్రోగ్రాములన్నిటికీ చోటు చూపించే సాఫ్ట్‌వేర్‌ను ఆపరేటింగ్ సిస్టమ్ అంటారు. విండోస్‌కు యజమానిగా ఒక కంపెనీ ఉంది. ఆ కంపెనీయే రాస్తుంది, అమ్ముతుంది, లోపలి రాత మనకు చూపించదు. ఓపెన్ సోర్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌ల పద్ధతి వేరు. వాటి మూల రాతను, అంటే సోర్స్ కోడ్‌ను, ఎవరైనా చదవవచ్చు, దిద్దుకోవచ్చు, దిద్దినదాన్ని నలుగురికీ పంచవచ్చు. లినక్స్, డెబియన్, ఉబుంటు, ఫ్రీబీఎస్‌డీ, ఓపెన్‌బీఎస్‌డీ ఈ కోవలోవి. మన జేబులోని ఆండ్రాయిడ్ ఫోను అడుగున ఉన్నది లినక్స్ కెర్నలే. చెన్నైలో సీడాక్ తయారుచేసిన బాస్ లినక్స్‌కూ, హైదరాబాదులో స్వేచ్ఛ సంస్థ తెలుగులో తెచ్చిన ఆపరేటింగ్ సిస్టమ్‌కూ పునాది డెబియన్.

సంఘాల నిర్వహణ గురించి రాసే ఈ పుటలో సాఫ్ట్‌వేర్ సంగతులెందుకని పాఠకులు అడగవచ్చు. కారణం ఉంది. వీటిని తయారుచేస్తున్నవి కూడా సంఘాలే. వాటికీ అధ్యక్షులున్నారు, ఎన్నికలున్నాయి, కోరం ఉంది, కాస్టింగ్ ఓటు ఉంది, అలిగి వెళ్ళిపోయినవారున్నారు, వేరు కుంపటి పెట్టుకున్నవారున్నారు. ఉద్యోగ జీవితమంతా ఫైళ్ళలో గడిపిన మాకు ఆ కోడ్ ఒక్క ముక్క అర్థం కాదు గాని, వారి నియమావళులు, తీర్మానాలు మాత్రం సొంత ఊరి కాగితాల్లాగే కనిపించాయి. వారి కాగితాలన్నీ బహిరంగంగా ఉంటాయి కనుక చదవడమూ సులువే.

గత పదిహేనేళ్ళలో ఈ సంఘాలను ఎక్కువగా కుదిపిన విషయం ప్రవర్తనా నియమావళి. సభ్యులు ఒకరితో ఒకరు ఎలా మాట్లాడాలి, ఎలా మాట్లాడకూడదు, హద్దు మీరితే ఎవరికి చెప్పుకోవాలి, ఏం చర్య తీసుకుంటారు అన్నది రాసిపెట్టిన కాగితం అది. ఆఫీసులో ఇలాంటి నియమం పెట్టడం తేలిక, ఎందుకంటే జీతం చేతిలో ఉంది. ఈ సంఘాల్లో చాలామందికి సంఘం జీతమివ్వదు. లినక్స్ కెర్నల్‌లో పనిచేసేవారిలో అధికులకు ఇంటెల్, రెడ్ హ్యాట్, గూగుల్ వంటి కంపెనీలు జీతమిస్తాయి గాని, కెర్నల్ సంఘం మాత్రం వారికి యజమాని కాదు. మనిషి రేపు రాకపోతే అడిగే హక్కు ఎవరికీ లేదు. అటువంటిచోట క్రమశిక్షణ ఎలా నడుస్తుందన్నదే ఈ వ్యాసంలో చూడదలచినది.

కాగితం లేని కాలం

నియమావళి అనే మాట వినిపించకముందే గొడవలున్నాయి. నెట్‌బీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్ 1993లో మొదలైంది. దాని స్థాపకుల్లో ఒకరైన థియో డి రాట్‌ను 1994 డిసెంబరులో మిగతా ముఖ్యులు రాజీనామా కోరి, కోడ్‌లో మార్పులు చేసే అధికారాన్ని తొలగించారు. కారణంగా చెప్పినది ఆయన పనితనం కాదు, ఇతరులతో ఆయన మాటతీరు. అప్పటికి రాసిపెట్టిన ప్రవర్తనా నియమం ఏదీ లేదు, విచారణ పద్ధతీ లేదు. నెలల తరబడి ఉత్తర ప్రత్యుత్తరాలు నడిచాయి, రాజీ కుదరలేదు. 1995 అక్టోబరులో ఆయన కెనడాలోని కాల్గరీ నుంచి ఓపెన్‌బీఎస్‌డీ అనే వేరు సంఘం పెట్టారు.

ఓపెన్ సోర్స్‌లో దీన్ని ఫోర్క్ అంటారు. కోడ్ అందరిదీ కనుక, నచ్చనివాడు మొత్తం కోడ్ తీసుకుని పక్కింట్లో కాపురం పెట్టవచ్చు. ఆస్తి పంపకం కోర్టుకెక్కదు, ఇద్దరికీ పూర్తి ఆస్తి దక్కుతుంది. పంచుకోలేనివి పేరు, మనుషులు మాత్రమే. ఆ వేరు కుంపటి నుంచే 1999లో ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ వచ్చింది. దూరంలో ఉన్న సర్వర్లలోకి భద్రంగా ప్రవేశించడానికి ప్రపంచమంతా నేడు వాడుతున్న సాధనం అది. కాబట్టి చీలికలన్నీ నష్టమే అనుకోవడానికి లేదు. అయితే మనిషిని బయటికి పంపిన పద్ధతి సరైనదా కాదా అన్న ప్రశ్నకు ఆ తర్వాతి విజయం జవాబు కాదు.

లినక్స్: ఒక మనిషి మాటతీరు

లినక్స్ కెర్నల్‌ను 1991లో హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ ప్రారంభించారు. నేటికీ ఏ మార్పు లోపలికి రావాలన్నా చివరి మాట ఆయనదే. కింద ఒక్కో విభాగానికి మెయింటైనర్లు ఉంటారు. రాజ్యాంగం లేదు, ఎన్నిక లేదు. ఆయన కోడ్ విషయంలో ఎంత నిక్కచ్చి మనిషో, నోటి విషయంలో అంత దురుసు. తప్పు కోడ్ పంపినవారిని పదిమందీ చదివేచోట తిట్టిపోయడం మామూలైపోయింది. ఆ తిట్లను హాస్యంగా చెప్పుకుని మురిసిపోయిన అభిమానులూ ఉన్నారు.

2013 జూలైలో సేజ్ షార్ప్ దీనికి అడ్డు చెప్పారు. లినక్స్‌లో యూఎస్‌బీ 3 పరికరాలు పనిచేయడానికి కావలసిన డ్రైవర్‌ను రాసింది షార్ప్. అంటే బయటినుంచి వచ్చి నీతులు చెప్పిన వ్యక్తి కాదు. తిట్లు లేకుండా సాంకేతిక విమర్శ చేయవచ్చునని, గౌరవంగా మాట్లాడండని బహిరంగంగానే అడిగారు. తెచ్చిపెట్టుకున్న మర్యాద తనకు చేతకాదన్నట్టు టోర్వాల్డ్స్ జవాబిచ్చారు. 2015లో షార్ప్ తాను కెర్నల్ పని మానేశానని, ఆ వాతావరణమే కారణమని ప్రకటించారు. మానేసినవారిలో ఒకరు కారణం చెప్పారు. చెప్పకుండా మానేసినవారి లెక్క ఏ రిజిస్టరులోనూ ఉండదు. ఏ సంఘంలోనైనా అసలు నష్టం అక్కడే జరుగుతుందని మా అభిప్రాయం.

అదే 2015 మార్చిలో కెర్నల్‌లో ఒక చిన్న పత్రం చేరింది. దాని పేరు కోడ్ ఆఫ్ కాన్‌ఫ్లిక్ట్, అంటే సంఘర్షణ నియమావళి. ప్రవర్తన అనవలసిన చోట సంఘర్షణ అన్నారంటేనే ఉద్దేశం తెలుస్తుంది. కోడ్ మీద కఠిన విమర్శ తప్పదు, వ్యక్తిగతంగా అవమానించారని తోస్తే లినక్స్ ఫౌండేషన్‌కు చెందిన సాంకేతిక సలహా మండలికి చెప్పుకోవచ్చు అన్నది దాని సారం.

2018 సెప్టెంబరు 16న పరిస్థితి ఒక్కసారిగా మారింది. టోర్వాల్డ్స్ తన ధోరణి ఇతరులను బాధపెట్టిందని ఒప్పుకుని, క్షమాపణ చెప్పి, ఇతరుల మనోభావాలు అర్థం చేసుకోవడానికి సహాయం తీసుకుంటానంటూ కొన్నాళ్ళు సెలవు పెట్టారు. 4.19 సంచిక బాధ్యతను గ్రెగ్ క్రోవా హార్ట్‌మన్‌కు అప్పగించారు. అదే రోజున పాత పత్రాన్ని తీసేసి, కోరలీన్ అడా ఎమ్కే 2014లో రాసిన కాంట్రిబ్యూటర్ కవనెంట్ అనే నమూనా నియమావళిని కెర్నల్‌లో పెట్టారు. ఎవరినీ వేధించకూడదు, జాతి, లింగం, మతం, వయసు వంటివాటిని బట్టి ఎవరినీ కించపరచకూడదు, మెయింటైనర్లు దీన్ని అమలు చేయాలి అన్నవి అందులో ప్రధానం.

అందులోని మాటల్లో తప్పుపట్టవలసింది పెద్దగా ఏమీ లేదు. కాని వచ్చిన తీరు చూడండి. ముందస్తు నోటీసు లేదు, సభ్యుల చర్చ లేదు. తెల్లారేసరికి వేల మందికి వర్తించే కాగితం అమల్లోకి వచ్చింది. దానితో పుకార్లు పుట్టాయి. ఫలానా ఫలానా వారిని గెంటేస్తారన్నారు. అలిగినవారు తాము రాసిన కోడ్‌ను లైసెన్సు నుంచి వెనక్కి తీసుకుంటారని, లినక్స్ కుప్పకూలుతుందని కూడా అన్నారు. అలాంటిదేమీ జరగలేదు. అక్టోబరులో 4.19 విడుదలయ్యేలోగా, ఈ నియమావళిని ఎలా అర్థం చేసుకోవాలో చెప్పే వివరణ పత్రం ఒకటి పలువురు మెయింటైనర్ల సమ్మతితో చేర్చారు. ముందు జీవో, తర్వాత వివరణ మెమో! ప్రభుత్వ కార్యాలయాల్లో పనిచేసినవారికి ఈ వరుస కొత్త కాదు. టోర్వాల్డ్స్ అక్టోబరులో తిరిగొచ్చారు.

నియమావళి అలంకారప్రాయం కాదని 2024 నవంబరులో తేలింది. బీక్యాష్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ వ్యవస్థ రచయిత తోటి డెవలపర్‌ను ఉద్దేశించి రాసిన మాటలపై ఫిర్యాదు వెళ్ళింది. ప్రవర్తనా కమిటీ సిఫారసు మీద సాంకేతిక సలహా మండలి ఆయన పాత్రను 6.13 సంచిక తయారీ కాలమంతా పరిమితం చేసింది. ఆ కాలంలో ఆయన పంపే మార్పులు స్వీకరించరన్నమాట. శిక్ష పడింది ఒక మనిషికే అయినా, ఆ ఫైల్ వ్యవస్థలో తమ సమాచారం పెట్టుకున్న వాడుకదారులు కూడా మధ్యలో ఇరుక్కున్నారు. తర్వాతా తగవులు ఆగలేదు, 2025లో ఆ భాగాన్ని కెర్నల్ నుంచి పూర్తిగా తీసేశారు. సంఘంలో వంటవాడిని సస్పెండ్ చేస్తే ఆ పూట భోజనాల మాటేమిటన్న ప్రశ్న లాంటిదిది. ఏ నియమావళిలోనూ దీనికి మంచి జవాబు మాకు కనబడలేదు.

ఇక్కడే చెప్పుకోవలసిన మరో సంగతి ఉంది. 2024 అక్టోబరులో కొందరు రష్యన్ మెయింటైనర్ల పేర్లను కెర్నల్ జాబితా నుంచి తొలగించారు. చట్టపరమైన నిబంధనలు అన్న ఒక్క మాట తప్ప మొదట వివరమేమీ ఇవ్వలేదు. రష్యాపై అమెరికా ఆంక్షలే కారణమని తర్వాత అర్థమైంది. లినక్స్ ఫౌండేషన్ అమెరికాలో నమోదైన సంస్థ. వారి ప్రవర్తనలో లోపమేదీ ఎవరూ చూపలేదు. సభ్యులెవరూ ఓటేయని నియమం కూడా సంఘాన్ని శాసించగలదు, రిజిస్ట్రేషన్ ఏ రాజ్యంలో ఉందన్నదాన్ని బట్టి.

డెబియన్: రాజ్యాంగం ముందు, నియమావళి తర్వాత

మాకు ఎక్కువ ఆసక్తి కలిగించినది డెబియన్. 1993 ఆగస్టు 16న ఇయాన్ మర్డాక్ అనే అమెరికన్ విద్యార్థి దీన్ని ప్రకటించారు. తన పేరును, అప్పటి స్నేహితురాలు డెబ్రా పేరును కలిపి డెబియన్ అన్నారు. 1997లో వాడుకదారులకు ఇచ్చే హామీగా సామాజిక ఒప్పందం రాసుకున్నారు. 1998లో రాజ్యాంగం వచ్చింది. ఆ పేరే పెట్టుకున్నారు. ప్రాజెక్టు నాయకుడిని ఏటా ఎన్నుకుంటారు. సభ్యులు తీర్మానం చేస్తే నాయకుడి నిర్ణయాన్నీ కొట్టివేయవచ్చు, నాయకుడినీ తీసివేయవచ్చు.

ఆ రాజ్యాంగం మొదట్లోనే ఒక నిబంధన ఉంది. దాని సారాంశం ఇది: ఎవరూ ఏ పనీ చేసి తీరాలన్న నిర్బంధం లేదు, అప్పగించిన పని ఇష్టం లేకపోతే చేయనక్కరలేదు, కాని సక్రమంగా జరిగిన నిర్ణయాలకు అడ్డుపడి పనిచేయకూడదు. స్వచ్ఛంద సంఘం స్వభావాన్ని ఇంత సూటిగా చెప్పిన నిబంధన మన బైలాలలో మేము చూడలేదు. మన దగ్గర కార్యవర్గ సభ్యులు తప్పనిసరిగా హాజరు కావలెను అని రాస్తాం. రారు. ఏమీ చేయలేం.

ఓటింగ్ పద్ధతి కూడా తెలుసుకోదగినది. తీర్మానం పెట్టాలంటే ప్రతిపాదించేవారు కాక మరో ఐదుగురు బలపరచాలి. ఓటరు ఎంపికలకు 1, 2, 3 అని ప్రాధాన్య క్రమం ఇస్తాడు. ఏ రెండు ఎంపికలను పక్కపక్కన పెట్టి చూసినా మిగతావాటిని ఓడించేది నెగ్గుతుంది. ప్రతి బ్యాలెట్‌లోనూ పైవేవీ కాదు అనే ఎంపిక ఉండి తీరాలి. కోరం లెక్క కొంచెం వింత: మొత్తం సభ్యుల సంఖ్యకు వర్గమూలం కట్టి, సగం చేసి, మూడుతో హెచ్చించాలి. వెయ్యి మంది ఉంటే సుమారు 47. మూడో వంతు, సగం వంతు అని రాసుకుని కోరం లేక సభలు వాయిదా వేసుకునే సంఘాలవారు ఈ లెక్క ఒకసారి వేసి చూసుకోవచ్చు.

ప్రవర్తనా నియమావళిని డెబియన్ సభ్యులు 2014 ఏప్రిల్‌లో ఓటు వేసి ఆమోదించారు. చిన్న పత్రమే. గౌరవంగా ఉండండి, ఎదుటివారి ఉద్దేశం మంచిదేనని భావించండి, కలిసి పనిచేయండి, క్లుప్తంగా రాయండి, వీలైనంతవరకు బహిరంగంగా మాట్లాడండి. రెండో అంశం దగ్గర ఒక మాట చేర్చారు: సభ్యుల్లో చాలామంది మాతృభాష ఇంగ్లీషు కాదు, వారి సంస్కృతులు వేరు, కాబట్టి మాట కటువుగా తోచినా తొందరపడవద్దు అని. ఇంట్లో ఒక భాష, బజారులో ఒక భాష, ఆఫీసులో మరో భాషతో బతికే మనబోటివారికి ఆ మాట విలువ చెప్పనక్కరలేదు. తెలుగులో చెయ్యి అని మామూలుగా చెప్పినది కన్నడంలోకో ఒడియాలోకో తర్జుమా అయ్యేసరికి ఆజ్ఞలా వినబడటం మనం ఎరుగనిదా?

క్లుప్తంగా రాయమనడం వెనుక కారణమూ అలాంటిదే. మీరు ఒకసారి రాసినది వందల మంది చదవాలి, వారి సమయం మీద దయ ఉంచండి అని.

ఓటింగ్‌లో అసలు వాదన ఈ నీతుల మీద కాదు. దీన్ని తర్వాత ఎవరు సవరించవచ్చు అన్నదాని మీద. నాయకుడికి ఆ అధికారం ఇద్దామన్నది ఒక ఎంపిక. సభ్యులంతా తీర్మానం చేస్తేనే సవరణ అన్నది మరో ఎంపిక. రెండోదే నెగ్గింది. చివర ఉండే అదనపు పఠన సూచికలను మార్చుకునే స్వేచ్ఛ మాత్రం నాయకుడికి వదిలారు. ఎవరో అనుభవజ్ఞుడైన గుమాస్తా ముసాయిదా రాసినట్టుంది.

ఇంత పద్ధతిగా చేసుకున్నవారికి శాంతి దక్కిందా? లేదు. అదే 2014లో వారి చరిత్రలోకెల్లా పెద్ద తగవు వచ్చింది. కంప్యూటరు లేవగానే సేవలన్నిటినీ వరుసగా ప్రారంభించే భాగం ఒకటి ఉంటుంది. పాతదాన్ని తీసి సిస్టమ్‌డీ అనే కొత్తదాన్ని పెట్టాలా అన్నది సమస్య. అది అవసరానికి మించి అన్ని పనులనూ మింగేస్తోందని ఒక వర్గం, పాతది కాలం చెల్లిందని మరో వర్గం. ఫిబ్రవరిలో సాంకేతిక కమిటీలో ఓట్లు నాలుగుకు నాలుగు వచ్చాయి. అధ్యక్షుడు బీడేల్ గార్బీ కాస్టింగ్ ఓటుతో సిస్టమ్‌డీ నెగ్గింది. కాస్టింగ్ ఓటుతో తేలిన ఏ విషయమూ నిజంగా తేలదని సంఘాల్లో ఉన్నవారికి తెలుసు. ఓడిన ఎంపికల్లో ఒకదాన్ని తయారుచేసింది ఉబుంటు. దాని స్థాపకుడు మార్క్ షటిల్‌వర్త్ మాత్రం రెండు మూడు రోజుల్లోనే ఓటమిని హుందాగా అంగీకరించి, తామూ సిస్టమ్‌డీకే మారుతున్నామని ప్రకటించారు. అందరూ అలా లేరు. సిస్టమ్‌డీ ముఖ్య రచయిత లెనార్ట్ పోటరింగ్ తనకు చంపుతామన్న బెదిరింపులు వస్తున్నాయని ఆ అక్టోబరులో బహిరంగంగా రాశారు.

నవంబరులో మళ్ళీ సభ్యులందరి ఓటింగ్ జరిగింది. నెగ్గిన ఎంపిక ఏమిటంటే, ఈ విషయంపై సాధారణ తీర్మానం అవసరం లేదన్నది. తీర్మానమే అక్కరలేదన్న తీర్మానం! నవ్వు వచ్చినా, అలసిపోయిన సంఘం మనసు అందులో ఉంది. ఆ నెలలోనే సాంకేతిక కమిటీ నుంచి ఇయాన్ జాక్సన్, రస్ ఆల్బరీ, కోలిన్ వాట్సన్ ముగ్గురూ తప్పుకున్నారు. వారందరూ ఒకే పక్షం వారు కాదు, జాక్సన్, ఆల్బరీ ఈ వాదనలో ఎదురెదురు నిలిచినవారు. పద్ధెనిమిదేళ్ళు పనిచేసిన జోయీ హెస్ డెబియన్‌నే వదిలి వెళ్ళారు. వెళుతూ, రాజ్యాంగం ప్రతిపాదించిన రోజుల్లో తాను అభ్యంతరం చెప్పకపోవడమే తన విచారమని రాశారు. నియమాలు రాసుకుంటే సగం తగవులు తీరతాయని నమ్మే మాబోటివారు ఆయన మాటను పక్కన పెట్టకూడదు. ప్రతి అభిప్రాయ భేదానికీ ఓటింగ్ దారి ఉంటే, మాట్లాడుకుని సర్దుకునే అలవాటు సన్నగిల్లుతుందన్న వాదనలో నిజం ఉంది.

బయటికి వెళ్ళిన మరికొందరు దేవువన్ పేరుతో వేరు కుంపటి పెట్టారు, 2017లో తొలి పూర్తి సంచిక తెచ్చారు. ఇక డెబియన్‌లో మిగిలినవారు చేసిన పని ఒకటి గమనించండి. 2014 డిసెంబరులోనే మరో ఓటు వేసి సాంకేతిక కమిటీ సభ్యులకు కాలపరిమితి పెట్టారు. అంతవరకు ఒకసారి కమిటీలోకి వెళ్ళినవారు ఇష్టమున్నంత కాలం ఉండేవారు.

ఫిర్యాదుల విషయానికి వస్తే, సభ్యత్వం ఇచ్చే, తీసేసే అధికారం అకౌంట్ మేనేజర్లు అనే చిన్న బృందానిది. 2018 చివర్లో ప్రవర్తన కారణంగా వారు తీసుకున్న చర్యల మీద పెద్ద దుమారం లేచింది. ఆరోపణ ఏమిటో అందరికీ చెబితే ఫిర్యాదు చేసినవారు బయటపడతారు, చెప్పకపోతే చాటుమాటుగా శిక్షించారంటారు. 2019 జనవరిలో అప్పీలు పద్ధతిని రాసి ప్రకటించారు. అప్పీలు శిక్షకు ముందే రాసి ఉండవలసినది. నియమావళి రాసేటప్పుడు మంచి మాటల మీద నెల రోజులు చర్చించి, విచారణ ఎవరిది, అప్పీలు ఎవరికి అన్న రెండు వాక్యాలను వదిలేయడం ఈ సంఘాలన్నిటిలోనూ మాకు కనిపించిన లోటు.

రహస్య ఓటు సంగతి కూడా ఇక్కడిదే. 2021లో రిచర్డ్ స్టాల్‌మన్ ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ బోర్డులోకి తిరిగి రావడంపై డెబియన్ ఒక ప్రకటన చేయాలా అని ఓటింగ్ పెట్టారు. ప్రకటన ఏదీ చేయకూడదన్న ఎంపిక నెగ్గింది. నాయకుడి ఎన్నికలో తప్ప మిగతా ఓటింగులలో ఎవరు ఎటు వేశారో అప్పట్లో పేర్లతో సహా ప్రకటించేవారు. ఇలాంటి ఓటు వల్ల రేపు వేధింపులు ఎదురవుతాయని కొందరు భయపడ్డారు. 2022లో తీర్మానాల ఓట్లను కూడా రహస్యం చేశారు, తన ఓటు లెక్కలో పడిందో లేదో ఎవరికి వారు సరిచూసుకునే ఏర్పాటుతో. చేతులెత్తించి లెక్కపెట్టే మన సర్వసభ్య సమావేశాల్లో పక్కవాడి ముఖం చూసి చెయ్యెత్తేవారు ఎందరో కార్యదర్శులకు బాగా తెలుసు.

మరికొన్ని ఉదాహరణలు

ఉబుంటు 2004లో పుట్టినప్పటినుంచీ నియమావళితోనే ఉంది. సభ్యుడు కావాలంటే దాని మీద డిజిటల్ సంతకం పెట్టాలి. అందులో మాకు బాగా నచ్చినది తప్పుకునేవారి గురించిన అంశం. పని మానుకోదలచినవారు ముందుగా చెప్పి, చేతిలో ఉన్నది మరొకరికి అందజేసి, ఇబ్బంది కలగకుండా వెళ్ళాలి. మన భాషలో చెప్పాలంటే చార్జి అప్పగింత. బీరువా తాళాలు, బ్యాంకు పాస్‌బుక్కు ఇవ్వకుండా మాయమైన పాత కోశాధికారులను వెతుక్కున్న సంఘాలు ఈ అంశాన్ని యథాతథంగా తెచ్చుకోవచ్చు.

ఫ్రీబీఎస్‌డీ 2018లో ఒక పొడవాటి నియమావళి తెచ్చింది. ఎదుటివారి సమ్మతి లేకుండా కౌగిలింత అని అక్షరాల్లో రాసి పంపడం కూడా వేధింపేనని అందులో ఉదాహరణ ఇచ్చారు. ఆ ఒక్క వాక్యం నవ్వులపాలై మిగతా కాగితమంతా మరుగున పడింది. 2020లో డెవలపర్ల అభిప్రాయం అడిగి, ఎల్‌ఎల్‌వీఎం సంఘం వాడుతున్న పొట్టి నియమావళి నమూనాకు మారారు. నియమం రాసేటప్పుడు ప్రతి తప్పునూ పేరుపెట్టి చెప్పబోతే వచ్చే చిక్కు ఇది.

నిక్స్‌ఓఎస్ తగవు వేరే రకం. 2024లో ఆయుధాల కంపెనీ ఒకటి సమావేశానికి స్పాన్సరుగా ఉండటంపై మొదలైన అసంతృప్తి, అసలు ఇక్కడ నిర్ణయాలు తీసుకునేది ఎవరన్న ప్రశ్న దాకా వెళ్ళింది. స్థాపకుడు ఎల్కో డోల్‌స్ట్రా ఫౌండేషన్ బోర్డు నుంచి తప్పుకున్నారు. రాజ్యాంగ సభ ఏర్పాటై నియమాలు రాసింది, ఆ ఏడాది చివర్లో ఏడుగురి స్టీరింగ్ కమిటీని ఎన్నుకున్నారు. 2025లో సంభాషణలను అదుపు చేసే మోడరేషన్ బృందం, తమ పనిలో ఆ కమిటీ జోక్యం చేసుకుంటోందంటూ రాజీనామా ప్రకటించింది. ఎన్నికైన కమిటీ పెద్దదా, నియమావళిని అమలు చేసే బృందం పెద్దదా అన్నది అక్కడ ఇంకా నలుగుతున్న విషయం.

మనవాళ్ళు చేరాలంటే

డెబియన్ వార్షిక సమావేశం 2023 సెప్టెంబరులో కొచ్చిలో జరిగింది. డెబియన్‌ను కంప్యూటరులో ఎక్కించే ఇన్‌స్టాలర్ భాషల జాబితాలో తెలుగు ఉంది. అంటే ఎవరో కూర్చుని ఆ వాక్యాలన్నీ తెలుగు చేశారు. ఇలాంటి పనికి ప్రోగ్రామింగ్ రానక్కరలేదు, తెలుగు వచ్చి ఉండాలి. ఇంతకాలం ప్యాకేజీలు తయారుచేసేవారికే పూర్తి సభ్యత్వం అన్న అభిప్రాయం ఉండేది. 2010లో సభ్యులు ఒక తీర్మానం చేసి, అనువాదం, పత్రాల రచన వంటి పనులు చేసేవారిని కూడా సభ్యులుగా ఆహ్వానించారు. చేరదలచినవారు కొంతకాలం పనిచేసి చూపాలి, ఇప్పటికే సభ్యులైనవారు వారి డిజిటల్ తాళంచెవిని ధ్రువీకరించాలి, సామాజిక ఒప్పందానికి అంగీకారం తెలపాలి. తెలుగు వాక్యాలు దిద్దేవారి ఓటుకూ, ఇరవై ఏళ్ళుగా కోడ్ రాస్తున్నవారి ఓటుకూ అక్కడ లెక్కలో తేడా లేదు.